కుంగిన ఎంజీబీ వెనక కమాన్లు: మార్చాలా, వంచి వాడాలా?

ప్రశ్న: నేను ఇంగ్లండులోని కోవెంట్రీలో ఉంటున్నాను. నా దగ్గర 1971 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ ఉంది. పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కారు, క్రోము బంపర్లది. రెండేళ్లుగా దాని వెనకభాగం కిందికి దిగినట్టు, అందులోనూ కుడివైపు మరికాస్త ఒరిగినట్టు కనిపిస్తోంది. ఇద్దరం కూర్చుని గతుకుల మీద పోతే వెనకనుంచి దబ్బుమని శబ్దం వస్తోంది. ఒక గరాజువారు షాక్ అబ్జార్బర్లు మార్చాలన్నారు. పొడవైన షాకిళ్లు (కమాను వెనక చివరను బాడీకి తగిలించే ఊగే లింకులు) వేస్తే కారు లేస్తుందని ఒక మిత్రుడు, యాక్సిల్‌కూ కమానుకూ (ఉక్కు పట్టీలు పేర్చిన వెనక స్ప్రింగుకూ) మధ్య దిమ్మె పెట్టమని ఇంకొకరు చెబుతున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లారీలు బాగుచేయించిన మా మేనమామగారు మాత్రం పట్టీలు విప్పించి, మళ్లీ వంపు పెట్టిస్తే చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, కోవెంట్రీ

జవాబు: మీకు సలహా ఇచ్చిన నలుగురిలో అసలు విషయానికి దగ్గరగా వచ్చినవారు మీ మేనమామగారే. ఆయన చెప్పిన పద్ధతిని మీ కారుకు నేను సూచించబోవడం లేదు గాని, లోపం కమాన్లలో ఉందని, దాన్ని కమాన్ల దగ్గరే సరిచేయాలని ఆయన పట్టుకున్న మాట నిజం. మిగిలిన మూడు సలహాలలో ఒకటి ఈ సమస్యకు సంబంధించని ఖర్చు, మరొకటి అరకొర వైద్యం, ఇంకొకటి ఉన్న జబ్బును పెంచేది. అయితే కొత్త కమాన్లకు డబ్బు కట్టేముందు ఒక పూట కొలతలకు కేటాయించండి. ఎంజీబీ ఒకవైపుకు ఒరగడానికి కారణం ప్రతిసారీ వెనకనే ఉండదు.

1962లో ఆక్స్‌ఫర్డ్ సమీపాన ఉన్న అబింగ్డన్ కర్మాగారంలో మొదలై 1980 వరకు తయారైన ఈ కారుకు ముందు చక్రాల దగ్గర కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లు ఉంటాయి. విడిగా ఛాసీ లేదు. కమాన్ల రెండు చివరలూ బాడీలోనే కలిపి వెల్డు చేసిన పెట్టె ఆకారపు ఇనుప భాగాలకు బిగించి ఉంటాయి. మన దేశంలో అంబాసిడర్‌ను బాగుచేసినవారికి ఈ అమరిక కొత్తగా అనిపించదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్‌కూ వెనక ఇలాంటి కమాన్లే ఉండేవి. చాలాకాలం దానికి వాడిన 1489 సీసీ ఇంజను, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజను ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కుటుంబానికి చెందినవి కూడా.

ఈ అమరికలో కమాను చేసే పని బరువు మోయడం ఒక్కటే కాదు. యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగకుండా, పక్కలకు పోకుండా పట్టి ఉంచేది అదే. ఇంజను లాగినప్పుడు, బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ తనచుట్టూ తాను మెలితిరగబోతే ఆ బలాన్ని ఓర్చుకునేదీ అదే. అందువల్ల కమాను అలసిపోతే కారు అందం చెడటంతో ఆగదు. మలుపులో మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనకభాగం తానే కాస్త దారి మార్చుకున్నట్టు అనిపించడం, మొదటి గేరులో గట్టిగా లాగితే వెనక చక్రాలు టపటపా ఎగరడం, ఇద్దరు కూర్చోగానే యాక్సిల్ వెళ్లి దాని పైన బాడీకి ఉండే అడ్డు రబ్బరును, అంటే బంప్ రబ్బరును తాకడం, ఇవన్నీ దాని ఫలితాలే. మీరు వింటున్న దబ్బుమనే శబ్దం చాలావరకు ఆ తాకుడుదే అయి ఉండాలి.

గరాజువారి మాట సంగతి. ఎంజీబీ వెనక ఉండేవి ఆర్మ్‌స్ట్రాంగ్ లీవర్ తరహా డంపర్లు, అంటే షాక్ అబ్జార్బర్లే. నూనె నిండిన పెట్టె, దానికో చేయి, చేతికి వేలాడే లింకు, అంతే వాటి నిర్మాణం. అవి కారు ఊగడాన్ని అదుపుచేస్తాయి తప్ప కారు బరువును మోయవు. వాటిలోని నూనె మొత్తం కారిపోయినా నిలబడి ఉన్న కారు ఎత్తు తగ్గదు. మీ డంపర్లు కూడా పాతబడి ఉండవచ్చు; వెనక మూలను నొక్కి వదిలినప్పుడు కారు ఒకసారి లేచి సర్దుకోకుండా ఊగుతూనే ఉంటే వాటినీ చూడవలసిందే. కాని కుంగిన కారుకు డంపర్లు మార్చడం, కళ్లు మసకలని చెప్పినవాడికి చెవిలో మందు వేయడంలాంటిది.

ఇక కొలతలు. నాలుగు టైర్లలోనూ గాలి సరిగా ఉంచి, కారును చదునైన గచ్చు మీదికి తెచ్చి, నాలుగు మూలలా నొక్కి వదిలి, కొద్ది అడుగులు ముందుకూ వెనక్కూ దొర్లించి ఆపండి. జాకీ దించిన వెంటనే కొలిస్తే టైర్ల పట్టు, బుష్షుల (కీళ్లలోని రబ్బరు తొడుగుల) బిగువు వల్ల కొలత తప్పు చెబుతుంది. డిక్కీలో సామాను తీసేయండి. పెట్రోలు ఎంత ఉందో రాసిపెట్టుకోండి, ఎందుకంటే యాక్సిల్ వెనక వేలాడే ఆ ట్యాంకు నిండితే దాదాపు 40 కిలోల బరువు. తరువాత చక్రం మధ్యబిందువు నుంచి దాని పైనున్న రెక్క (మడ్‌గార్డు) అంచుదాకా నాలుగు చక్రాల దగ్గరా కొలవండి. అర అంగుళం లోపు తేడా ఈ వయసు కారులో మామూలే. అంతకు మించితే ఆలోచించాలి. అయితే 50 ఏళ్లు దాటిన కారులో రెక్కలు ఎప్పుడో ఒకసారి మార్చి ఉంటారు, వెల్డు చేసి ఉంటారు కాబట్టి రెక్క అంచును పూర్తిగా నమ్మకూడదు. యాక్సిల్ గొట్టానికీ దాని పైనున్న బంప్ రబ్బరుకూ మధ్య ఉన్న ఖాళీని రెండువైపులా కొలిస్తే రెక్కలతో నిమిత్తం లేని లెక్క దొరుకుతుంది.

కుడివైపు ఒరుగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డ్రైవరు కూర్చునే వైపుకు ఒరగడం ఈ కార్లకున్న పాత అలవాటు. ఇంగ్లండు కార్లు కుడికి, అమెరికా కార్లు ఎడమకు ఒరుగుతాయి. ఒంటరిగా నడిపినవారి బరువు దశాబ్దాలపాటు ఒకే పక్కన పడటమే ఇందుకు ముఖ్య కారణమని యజమానులు అంటారు. కాని ముందు కుడి కాయిల్ స్ప్రింగు కుంగినా వెనక కుడివైపు దిగినట్టే కనిపిస్తుంది. ఏది నిజమో తేల్చడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. వెనక చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, ముందున్న క్రాస్‌మెంబర్ (అడ్డ దూలం) సరిగ్గా నడుమ ఒకే ట్రాలీ జాకీ ఉంచి, ముందు చక్రాలు నేలను వదిలేంతవరకు మాత్రమే లేపండి. అప్పుడు ముందుభాగం ఒకే బిందువు మీద నిలుస్తుంది కాబట్టి పక్కవాటు వంపును నిర్ణయించేవి వెనక కమాన్లు మాత్రమే. వెనక ఒరుగు అలాగే ఉంటే దోషం కమాన్లది. కారు సమంగా నిలిస్తే ముందు స్ప్రింగులను చూడాలి. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపు ఎవరూ కారు కిందికి వెళ్లకూడదు.

కొలతల తరువాత కంటితో చూడవలసినవి. కారును స్టాండ్ల మీద నిలిపి, కమాన్లను తీగ బ్రష్షుతో శుభ్రం చేసి, ప్రతి పట్టీ చివర దాని పై పట్టీని ఎక్కడ ఒరుసుకుంటోందో అక్కడ, కమానును యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టుల దగ్గర సన్నని పగుళ్ల కోసం వెతకండి. పగిలిన పట్టీకి వెల్డింగు పరిష్కారం కాదు. వెల్డు వేడికి స్ప్రింగు ఉక్కు పదును పోయి ఆ పక్కనే మళ్లీ విరుగుతుంది. పట్టీలన్నిటినీ కలిపి పట్టే నడిమి బోల్టు తల యాక్సిల్ కింది గుంటలో కూర్చుని యాక్సిల్ స్థానాన్ని నిలుపుతుంది. ఆ బోల్టు తెగితే యాక్సిల్ ఒకపక్క వెనక్కు జరుగుతుంది. ముందు, వెనక చక్రాల మధ్యబిందువుల దూరం రెండువైపులా కొలిస్తే ఇది తెలిసిపోతుంది; ఎంజీబీకి ఆ దూరం 2311 మిల్లీమీటర్లు, అంటే 91 అంగుళాలు.

అన్నిటికంటె శ్రద్ధగా చూడవలసింది కమాను ముందు కన్ను (చివర చుట్టిన గుండ్రని రంధ్రం) బాడీకి బిగిసే చోటు. సీట్ల వెనక, బ్యాటరీ పెట్టెల దగ్గర, రోడ్డు ఉప్పునీరంతా వచ్చి చేరే మూలలో ఉంటుంది అది. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. ఇనుము గట్టిగా ఉంటే సరే. లోపలికి దిగితే మాత్రం కమాన్ల సంగతి పక్కన పెట్టి ముందు ఆ భాగాన్ని కోసి కొత్త రేకు వెల్డు చేయించాలి. కుళ్లిన చోట కొత్త కమాను బిగిస్తే అది బాడీని చీల్చుకుని పైకి వస్తుంది.

పొడవైన షాకిళ్ల విషయానికి వస్తే, వెనక చివర షాకిల్‌ను ఒక అంగుళం పెంచితే కారు లేచేది దాదాపు అర అంగుళమే, ఎందుకంటే ముందు కన్ను కదలదు, యాక్సిల్ ఆ రెండింటి నడుమ ఉంటుంది. పైగా పొడవైన షాకిల్ పక్కలకు సులభంగా ఊగుతుంది, యాక్సిల్ కోణం మారుతుంది, కమాను మాత్రం అదే బలహీనతతో ఉండిపోతుంది. దిమ్మె సలహా ఇంకా విచిత్రమైనది. ఎంజీబీలో కమాను యాక్సిల్ కింద ఉంటుంది. ఆ రెంటి మధ్య దిమ్మె పెడితే కమాను, దానితోపాటు బాడీ, ఇంకా కిందికి దిగుతాయి. కారును కావాలని దించదలచుకున్న రేసు ప్రియులు వాడే వస్తువది.

మీ మేనమామగారు చెప్పిన వంపు పని చిన్నచూపు చూడదగినది కాదు. ఆటోనగర్‌లో కమాన్ల పని చేసేవారు విరిగిన పట్టీని చూసి లారీ ఎంత బరువు మోసిందో చెప్పగలరు. పట్టీలను చల్లగానే సుత్తితో వరసగా కొట్టి వంపు తెప్పించే పద్ధతి లారీకి సరిపోతుంది, ఎందుకంటే లారీ కమాన్లను తరచుగా విప్పుతారు, కుంగితే మళ్లీ కొడతారు. ఏడాదికి రెండు మూడు వేల మైళ్లు తిరిగే కారుకు మాత్రం ఆ వంపు కొద్దికాలానికే దిగిపోవచ్చు. శాస్త్రీయంగా చేయాలంటే పట్టీని 800 డిగ్రీలు దాటించి కాల్చి, వంపు పెట్టి, నూనెలో ముంచి, ఆపైన తక్కువ వేడిలో మళ్లీ పదును సరిచేయాలి. ఈ చివరి రెండు మెట్లు వదిలేసి కొలిమిలో కాల్చి వంచి గాలికి వదిలితే అది స్ప్రింగు కాదు, వట్టి ఇనుప బద్ద. ఇంగ్లండులో ఈ పని సక్రమంగా చేసే పాత స్ప్రింగు కమ్మరులు ఇంకా ఉన్నారు. దొరకని మోడలు కారైతే నేను వారి దగ్గరికే పంపేవాణ్ణి. అయిదు లక్షలకు పైగా తయారై, ఇప్పటికీ దాదాపు ప్రతి భాగం కొత్తగా దొరికే ఎంజీబీకి ఆ శ్రమ అక్కర్లేదు.

కాబట్టి కొత్త కమాన్లు కొనండి, రెండూ కలిపే కొనండి. ఒకవైపే మార్చితే కొత్తదానికీ అలసినదానికీ మధ్య తేడా ఇప్పటి ఒరుగును ఎదురు పక్కకు తిప్పుతుందంతే. కొనేటప్పుడు మీది క్రోము బంపర్ల రోడ్‌స్టర్ అని స్పష్టంగా చెప్పండి. వెనక గాజు తలుపున్న జీటీకి బరువు ఎక్కువ కాబట్టి దాని కమాన్లు గట్టివి. 1974 చివర వచ్చిన రబ్బరు బంపర్ల కారును ఎత్తు పెంచి తయారుచేశారు కాబట్టి దాని కమాన్లు వేరు. పెట్టె విప్పగానే రెండు కమాన్లను పక్కపక్కన పెట్టి పట్టీల సంఖ్య, వంపు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. తక్కువ ధరకు దొరికే కొన్ని నకళ్లు జతలోనే ఒకదానికొకటి సరిపోవు. ఒకటి రెండు పట్టీలతో, చివరలకు పోయేకొద్దీ సన్నబడే పారాబోలిక్ కమాన్లు కూడా దొరుకుతున్నాయి. పట్టీల మధ్య ఒరిపిడి తక్కువ కావడంతో చిన్న గతుకులను అవి మెత్తగా మింగుతాయి, కాని ఆ ఒరిపిడి చేసే అదుపు కూడా పోతుంది కాబట్టి మంచి డంపర్లు తప్పనిసరి. రోజూ దూరం తిరిగే కారైతే పరిశీలించవచ్చు. వారాంతపు కారుకు అసలు తరహా కమానే నాకు నచ్చుతుంది.

కమాన్లతోపాటు షాకిల్ బుష్షులు, కమానుకు పైనా కిందా ఉండే రబ్బరు మెత్తలు, యూ బోల్టులు, వాటి లాక్ నట్లు కూడా కొత్తవి తెప్పించండి. పాత యూ బోల్టులు సాగి ఉంటాయి. వాటిని మళ్లీ బిగించడం పొదుపు కాదు. విప్పడానికి వారం ముందునుంచే ముందు కన్ను బోల్టు మీద తుప్పు వదిలించే నూనె రోజూ వేస్తూ ఉండండి. ఆ బోల్టు బుష్షు లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోవడం ఈ పనిలో ఎదురయ్యే పెద్ద తలనొప్పి. గ్యాసు మంటతో కాల్చాలని మనసు లాగుతుంది, కాని పెట్రోలు పంపూ పెట్రోలు గొట్టాలూ ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. రంపంతో కోయడం నెమ్మదైనా క్షేమం.

ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, బాడీని కమాన్ల ముందు కన్నులకు ముందుగా స్టాండ్ల మీద నిలిపి, డిఫరెన్షియల్ కింద జాకీతో యాక్సిల్ బరువును పట్టి ఉంచి విప్పాలి. యాక్సిల్‌కు వెళ్లే బ్రేకు నూనె రబ్బరు గొట్టం ఒక్కటే. యాక్సిల్ దాని మీద వేలాడకూడదు. ఒకవైపు పూర్తిగా ముగించాకే రెండోవైపు మొదలుపెడితే యాక్సిల్ పక్కకు జారదు. కొత్త కమాను ఎక్కించాక కన్ను బోల్టును, షాకిళ్లను వేలితో తిరిగేంత వదులుగానే ఉంచి, చక్రాలు తగిలించి, కారును నేలకు దించి, దాని బరువు కమాన్ల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వండి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్షు ఆ స్థితిలోనే అతుక్కుని, కారు దిగినప్పుడల్లా మెలిపడి, కొద్దినెలల్లో చిరుగుతుంది. దాదాపు 300 మైళ్లు తిరిగాక యూ బోల్టులను మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు మరోసారి సరిచూడండి.

మీ కారుకు 40 ఏళ్లు దాటాయి కాబట్టి, 2018 మే నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, గణనీయమైన మార్పులు లేకపోతే ఏటా ఎంఓటీ (వాహనం రోడ్డుకు తగినదో కాదో చూసే బ్రిటన్ ప్రభుత్వ పరీక్ష) తప్పనిసరి కాదు. సస్పెన్షన్ పద్ధతినే మార్చేయడం అలాంటి మార్పు కిందికి వస్తుంది. కమాను స్థానంలో కమాను వేస్తే ఆ బెడద లేదు. అయినా ఈ పని ముగిశాక స్వచ్ఛందంగా ఒకసారి ఎంఓటీ చేయించండి. తుప్పు పట్టిన చోట్లను మరో జత కళ్లు చూడటం మంచిది.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాను. నా 1970 ఎంజీబీ రోడ్‌స్టర్‌కు నెల క్రితం కొత్త కమాన్లు వేయించాను. ఇప్పుడు వెనకభాగం బాగా పైకి లేచి, ముక్కు నేలకు పెట్టినట్టుంది. ప్రయాణం బండమీద పోయినట్టుంది. ఒక పట్టీ తీసేయమంటున్నారు. తీసేయనా?
— ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: తీసేయకండి. పట్టీ తీస్తే ఎత్తు తగ్గుతుంది, కాని మిగిలిన పట్టీల మీద పడే ఒత్తిడి పెరుగుతుంది, యాక్సిల్ మెలితిరగకుండా ఆపే బలం తగ్గుతుంది. ముందు మీకు వచ్చినవి జీటీ కమాన్లో రబ్బరు బంపర్ల కారు కమాన్లో కావు కదా అని చూసుకోండి. అమెరికాలో అమ్మిన ఎంజీబీలలో రబ్బరు బంపర్లవి కూడా చాలా ఉన్నాయి కాబట్టి ఈ పొరపాటు సులభంగా జరుగుతుంది. అవి సరైనవే అయితే, పనివారు బోల్టులను కారు గాలిలో ఉండగానే బిగించారేమో కనుక్కోండి. కన్ను బోల్టులు, షాకిళ్లు వదులుచేసి, కారును నేలమీద నాలుగుసార్లు నొక్కి మళ్లీ బిగిస్తే చాలా సందర్భాల్లో ఎత్తూ తగ్గుతుంది, గట్టిదనమూ తగ్గుతుంది. కొత్త కమాన్లు కొన్ని వందల మైళ్లలో కొంత సర్దుకోవడం సహజం. అప్పటికీ ఎత్తుగానే ఉంటే, సన్నని దిమ్మెలు ఇక్కడ పనికొస్తాయి. పై జవాబులో కాదన్నది కుంగిన కారుకు, మీది లేచిన కారు. దిమ్మె వేస్తే దానికి తగ్గ పొడవైన యూ బోల్టులు కూడా వేయించండి.

ప్రశ్న: నా 1972 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 4 వెనక చక్రాలు పైభాగంలో లోపలికి ఒరిగి ఉన్నాయి, టైర్లు లోపలి అంచున అరుగుతున్నాయి. దీనికీ కమానే కారణమా?
— ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్

జవాబు: చాలావరకు అదే, కాని మీ కమాను ఎంజీబీది లాంటిది కాదు. స్పిట్‌ఫైర్‌లో వెనక ఉన్నది ఒకే కమాను. అది కారుకు అడ్డంగా డిఫరెన్షియల్ పెట్టె మీద కూర్చుని రెండు చక్రాలనూ మోస్తుంది. యాక్సిల్ రెండు సగాలుగా ఊగుతుంది కాబట్టి కమాను కుంగితే చక్రాల పైభాగాలు లోపలికి వస్తాయి. బరువు ఎక్కినప్పుడు కొంత ఒరుగు మామూలే. ఖాళీ కారులోనే స్పష్టంగా కనిపిస్తే కమాను అలసినట్టు.

మార్క్ 4 నుంచి, అంటే 1970 నుంచి, మలుపులో బయటి చక్రం కిందికి ముడుచుకుపోకుండా కమాను తీరు మార్చారు: అడుగు పట్టీ ఒక్కటే డిఫరెన్షియల్‌కు గట్టిగా బిగిసి ఉంటుంది, మిగిలినవి దాని మీద ఊగుతాయి. పాత మార్కుల కమాను మీ కారుకు వేస్తే ఈ లాభం పోతుంది కాబట్టి కొనేటప్పుడు మార్క్ 4 అని పేర్కొనండి. పట్టీల చివరల మధ్య ఉండే చిన్న రబ్బరు బొత్తాలు అరిగిపోతే కూడా కమాను కుంగినట్టే ప్రవర్తిస్తుంది. ముందు వాటిని చూడండి. చక్రాన్ని పట్టి ఉంచే నిలువు లింకు కింది బుష్షుల్లో వదులు ఉందేమో చక్రాన్ని చేత్తో ఊపి పరీక్షించండి. సీట్ల వెనక ఉన్న మూత తీస్తే డిఫరెన్షియల్ మీది బిగింపు నట్లు అందుతాయి. కమాను చివరను విడదీసేముందు ఆ వైపు నిలువు లింకు కింద జాకీ పెట్టి బరువు దాని మీదికి తీసుకోవడం మరవకండి. అలా చేయకుండా కన్ను బోల్టు లాగితే బిగుసుకుని ఉన్న కమాను ఒక్కసారిగా కిందికి కొడుతుంది.